కారులో 15 అంగుళాల స్క్రీన్ సరే, ముందు అద్దం సంగతేంటి?

లీడ్స్‌లో నేను ఉండే వీధిలో చలికాలం అలారంతో పనిలేదు. పొద్దున ఆరున్నర అయ్యేసరికి కిటికీ కింద "కర్... కర్... కర్" అని మొదలవుతుంది. ఎవరో ఒకరు ప్లాస్టిక్ స్క్రేపర్ పట్టుకుని కారు అద్దం మీద ఐస్ గీకుతుంటారు. ఐదు నిమిషాల్లో ఇంకో కారు దగ్గర ఇంకొకరు. ఏడింటికల్లా వీధంతా కలిసి కొబ్బరి తురుముతున్నట్టు ఉంటుంది.

ఆ వరుసలోనే ఒక పాత ఫోర్డ్ ఫియస్టా ఉంది. ఓనర్ ఒక పెద్దావిడ. ఆవిడ వస్తుంది, ఇంజిన్ స్టార్ట్ చేస్తుంది, డ్యాష్‌బోర్డ్ మీద ఒక బటన్ నొక్కుతుంది, దిగి పక్క అద్దాలు గీకుతుంది. అవి అయ్యేలోపే ముందు అద్దం మీద ఐస్ సన్నని నిలువు చారలుగా విడిపోయి, చారలన్నీ కలిసిపోయి, తడి ముద్దలా జారడం మొదలవుతుంది. వైపర్ రెండు సార్లు తిప్పితే అద్దం క్లియర్. నాకు గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్లిపోతుంది. పక్కనే నా కారు. దాంట్లో పది అంగుళాల టచ్‌స్క్రీన్ ఉంది, వైర్‌లెస్ చార్జింగ్ ఉంది, సీట్ల కింద రంగురంగుల లైట్లు కూడా ఉన్నాయి. నేను మాత్రం ఇంకా గీకుతూనే ఉంటా.

ఈ సైట్‌లో నేను ఎక్కువగా ఫోన్ల గురించే రాస్తాను, అప్పుడప్పుడు కార్లలో వచ్చే స్క్రీన్ల గురించి. అందుకే ఈ మాట ముందు నాకే తగులుతుంది. చలి దేశంలో కారు కొనేవాళ్లకి హీటెడ్ విండ్‌స్క్రీన్ లగ్జరీ కాదు. టచ్‌స్క్రీన్ సైజు కంటే, స్పీకర్ల సంఖ్య కంటే ముందు చూడాల్సిన ఫీచర్ అది. దాన్ని స్పెక్ షీట్ చివర్లో "వింటర్ ప్యాక్" అనే పేరు కింద దాచేసింది కంపెనీలే కావచ్చు. వెతికి బయటికి తీయనిది మాత్రం మాలాంటి రివ్యూలు రాసేవాళ్లమే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చదువుతున్నవాళ్లకి "మనకెందుకు ఇది?" అనిపించొచ్చు. మనం "మంచు" అనే ఒక్క మాటతో పొగమంచునీ, ఆకుల మీది బిందువుల్నీ, స్నోనీ, గడ్డకట్టిన ఐస్‌నీ అన్నిటినీ పిలిచేస్తాం, ఎందుకంటే మన అవసరం అంతవరకే. లంబసింగికి జనవరిలో వెళ్లినవాళ్లకి కూడా ఇబ్బంది పెట్టేది ఎక్కువగా పొగమంచే. కానీ ఏటా మన పిల్లలు ఎంతమంది బ్రిటన్‌కీ, కెనడాకీ, జర్మనీకీ, అమెరికాలో చలి రాష్ట్రాలకీ వెళ్తున్నారో మీకు తెలుసు. మొదటి ఏడాది "ఏ ఫోన్ తీసుకెళ్లాలి అన్నా?" అని మెసేజ్ పెట్టేవాళ్లే రెండో ఏడాది "ఏ కారు కొనాలి?" అని అడుగుతున్నారు. ఈ వ్యాసం వాళ్లకోసం.

టిఫిన్ ప్లేటంత కన్నం

నా మొదటి చలికాలం. 2,100 పౌండ్లు పెట్టి ఓ పాత కారు కొన్నాను. ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలు మన ఇండియన్ లైసెన్స్‌తో నడపొచ్చు కాబట్టి దర్జాగా తిరుగుతున్నా. డిసెంబర్‌లో ఒక రోజు లేటుగా లేచాను. ఎనిమిదిన్నర దాటింది. బయట మైనస్ మూడు. కారంతా తెల్లగా, ఎవరో పంచదార చల్లినట్టు. స్క్రేపర్ అనే వస్తువు ఒకటి ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. పర్సులో హైదరాబాద్ మెట్రో కార్డ్ ఉంటే దాంతో మొదలుపెట్టాను. డ్రైవర్ ముందు టిఫిన్ ప్లేటంత మేర శుభ్రం అయ్యేసరికి కార్డ్ రెండు ముక్కలైంది. "చాల్లే, దారిలో హీటర్ చూసుకుంటుంది" అనుకుని బయల్దేరా.

హీటర్ ఏమీ చూసుకోలేదు. ఇంజిన్ వేడెక్కందే హీటర్‌లోంచి వేడి గాలి రాదు. చల్లటి గాలే వస్తుంది. పైగా నా ఊపిరికి అద్దం లోపలివైపు కూడా మసకేసింది. మలుపు తిరిగి మెయిన్ రోడ్డెక్కగానే ఎదురుగా సూర్యుడు. ఇక్కడ డిసెంబర్‌లో సూర్యుడు నెత్తికెక్కడు, పొద్దంతా కళ్ల ఎత్తులోనే తిరుగుతుంటాడు. ఆ వెలుతురు పడగానే నేను గీకకుండా వదిలేసిన భాగమంతా ట్యూబ్‌లైట్‌లా తెల్లగా వెలిగిపోయింది. నాకు కనిపిస్తున్నది నా ముందున్న గుండ్రటి కన్నం ఒక్కటే. అందులోంచి ఎదురుగా వస్తున్న కారు ఒకటి ఆగడం కనిపించింది. ఎందుకు ఆగిందో నాకు అర్థం కాలేదు. అతను ఆగాడు కాబట్టి నేనూ బ్రేక్ వేశాను, అంతే.

కారు ఆగిన రెండు సెకన్లకి ఎడమవైపు తెలుపులోంచి ఒక పిల్లాడు నా కన్నంలోకి నడిచొచ్చాడు. స్కూల్ యూనిఫామ్, వీపున బ్యాగ్, ఆరేడేళ్లు ఉంటాయి. అక్కడ జీబ్రా క్రాసింగ్ ఉంది. వాడి వెనకాలే వాళ్లమ్మ. ఆవిడ అరవలేదు. నా కారు ముందు ఆగి, వేలితో తన కళ్లు చూపించి, తర్వాత నా అద్దం చూపించి వెళ్లిపోయింది.

ఇక్కడా మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతాం, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. అంటే ఫుట్‌పాత్ మీంచి రోడ్డు దాటడానికి దిగే మనిషి ముందుగా కనిపించాల్సింది ఎడమ సగంలో. మనం బద్ధకించి వదిలేసేది కూడా సరిగ్గా ఆ సగాన్నే. నేను కారు పక్కకి తీసి, మిగిలిన సగం మెట్రో కార్డుతో పది నిమిషాలు అద్దం మొత్తం గీకాను. చేతులు వణుకుతున్నాయి. చలికి మాత్రం కాదు.

తర్వాత బ్రిటన్ హైవే కోడ్ తీసి చదివాను. 229వ నియమం చాలా స్పష్టంగా ఉంది: బయల్దేరే ముందు అన్ని అద్దాల మీదా స్నో, ఐస్ తీసేయాలి. ముందు అద్దం ఒక్కటే కాదు, అన్నీ. నంబర్ ప్లేట్లు, లైట్లు కూడా కనిపించాలి. అద్దం సరిగా కనిపించకుండా నడిపితే అజాగ్రత్త డ్రైవింగ్ కేసు అవ్వొచ్చు. దానికి లైసెన్స్ మీద 3 నుంచి 9 పాయింట్లు పడతాయి. ఇక్కడ టెస్ట్ పాసైన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు వస్తే లైసెన్స్ రద్దు, మళ్లీ మొదటి నుంచి టెస్టులు. "పోనీ ఇంజిన్ ఆన్ చేసి, లోపలికెళ్లి టీ తాగొస్తే అదే కరుగుతుంది కదా" అంటారా? రోడ్డు మీద ఇంజిన్ ఆన్‌లో పెట్టి కారు వదిలి వెళ్లకూడదని 123వ నియమం చెబుతుంది. తాళం కారులోనే ఉండగా దొంగ ఎత్తుకుపోతే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేసే ప్రమాదం కూడా ఉంది.

తీగలు ఏం చేస్తాయి

హీటెడ్ విండ్‌స్క్రీన్ కొత్త టెక్నాలజీ అనుకుంటే పొరపాటే. మన దగ్గర మారుతి 800 ఇంకా కొత్త వింతగా ఉన్న 1985లోనే ఫోర్డ్ యూరప్‌లో దీన్ని తన పెద్ద కారు గ్రనడాలో తెచ్చింది. మిగతా యూరప్‌లో అదే కారు పేరు స్కార్పియో. ఆ తర్వాత చిన్న కార్లకీ వచ్చింది. ఏళ్ల తరబడి బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన ఫియస్టాలో కూడా చాలా వేరియంట్లలో ఇది దొరికేది. మన పెద్దావిడ కారులో ఉన్నది అదే. ఫియస్టా తయారీ 2023లో ఆగిపోయింది. ఇండియాలో అయితే ఫోర్డ్ 2021లోనే కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, ఎకోస్పోర్ట్ అభిమానులకి ఆ బాధ ఇంకా ఉండే ఉంటుంది.

పని చేసే తీరు సింపుల్. కారు ముందు అద్దం నిజానికి రెండు అద్దాలు, మధ్యలో ఒక ప్లాస్టిక్ పొర. రాయి తగిలినా ముక్కలు మొహం మీద పడకుండా పట్టుకునేది ఆ పొరే. ఆ పొరలోనే వెంట్రుక కంటే సన్నని టంగ్‌స్టన్ తీగల్ని వందల సంఖ్యలో పక్కపక్కనే పరుస్తారు. కరెంటు పోతే అవి వేడెక్కుతాయి. ఇంకో రకంలో తీగలుండవు. కంటికి కనపడనంత పలుచని వెండి పూత ఉంటుంది, అదే వేడెక్కుతుంది. ఫోక్స్‌వాగన్ కొన్ని మోడళ్లలో ఇలాంటిది ఇస్తోంది.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం, మనకి ఇష్టమే కదా. ఒక చదరపు మీటరు అద్దం మీద అర మిల్లీమీటరు మందాన ఐస్ ఉందనుకోండి. అంటే సుమారు 460 గ్రాములు. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. కాబట్టి మన అద్దానికి దాదాపు 150 కిలోజౌళ్లు. అద్దంలో తీగలు 700 వాట్లు తీసుకుంటున్నాయనుకుంటే మొత్తం ఐస్ కరగడానికి మూడున్నర నిమిషాలు. అద్దం వేడెక్కడానికీ, గాలిలోకి పోయే వేడికీ ఇంకాస్త కలుపుకోండి.

అయితే మొత్తం ఐస్ కరిగించాల్సిన పనే లేదు. అసలు కిటుకు ఇదే. వేడి అద్దం లోపల పుడుతోంది కాబట్టి ముందుగా కరిగేది అద్దాన్ని అంటుకుని ఉన్న పొర. ఆ పట్టు వదిలిందంటే పైనున్న ఐస్ ఐస్‌గానే జారిపోతుంది, మిగతాది వైపర్ చూసుకుంటుంది. దోశ పెనానికి అంటుకున్నప్పుడు అంచున కాస్త నూనె పడితే మొత్తం దోశ లేచొస్తుంది చూడండి, అలాంటిదే. మామూలు హీటర్ ఈ పనే చుట్టూ తిరిగి చేస్తుంది: ముందు ఇంజిన్ వేడెక్కాలి, తర్వాత దానిలోని కూలెంట్, తర్వాత గాలి, ఆ గాలి అద్దాన్ని లోపలి నుంచి వేడి చేయాలి, ఆ వేడి రెండు అద్దాలూ దాటి బయటికి రావాలి. అందుకే పావుగంట పడుతుంది.

ఇంకో చిన్న విషయం. ఫోన్‌లో వెదర్ యాప్ ప్లస్ 2 డిగ్రీలు చూపిస్తున్నా పొద్దున కారు మీద ఐస్ ఉంటుంది. యాప్ తప్పు కాదు. మబ్బుల్లేని రాత్రి అద్దం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా అయిపోతుంది. చెట్టు కింద పెట్టిన కారుకి తక్కువ ఐస్ పట్టడానికి కారణం ఇదే. అద్దం మీద ఒక అట్టముక్కో కవరో కప్పినా పనిచేసేది అందుకే.

12 వోల్టుల గాడ్జెట్ల సంగతి

ఇది గాడ్జెట్ సైట్ కదా, కాబట్టి నేను తగలేసిన డబ్బుల లెక్క కూడా చెప్పాలి. కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే చిన్న హీటర్ ఫ్యాన్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ప్యాకెట్ మీద "క్షణాల్లో ఐస్ మాయం". వాట్లు చూస్తే 150. ఒక్కసారి ఆలోచించండి, ఇప్పుడు మనం రివ్యూ చేసే ఫోన్ చార్జర్లే కొన్ని 120 వాట్లు! తల ఆరబెట్టుకునే డ్రైయర్ 1,500 వాట్ల పైనే ఉంటుంది. 150 వాట్లలో ఒక్క జౌలు కూడా వృథా కాకుండా అంతా ఐస్‌కే వెళ్లినా మన పై లెక్కకి 17 నిమిషాలు పడుతుంది. నిజానికి చాలా వేడి కారు లోపలే తిరిగి పోతుంది. అరచేయంత చోట మసక పోయింది, అంతకు మించి ఏమీ జరగలేదు. అలాగని వాట్లు పెంచుదామంటే సాకెట్ ఫ్యూజ్ ఒప్పుకోదు.

దానికంటే ఘోరం ఇంకోటి. డ్యాష్‌బోర్డ్ మీద పెడితే విద్యుదయస్కాంత తరంగాలతో అద్దం మీద ఐస్ పట్టకుండా ఆపుతుందని చెప్పే చిన్న డబ్బా. బ్యాటరీ లేదు, వైర్ లేదు. అనుమానం వచ్చి విప్పి చూస్తే లోపల సెంటు పూసిన ఒక దూది బిళ్ల. ఐస్ అలాగే ఉంది, కారు మాత్రం మల్లెపూల వాసన వచ్చింది. ఇలాంటివి మీ ఫీడ్‌లో కనిపిస్తే స్క్రోల్ చేసేయండి.

హీటెడ్ అద్దం లేని కారుంటే చౌకగా నిజంగా పనిచేసేవి మూడు. రాత్రి అద్దం మీద కప్పే కవర్, ఆల్కహాల్ ఉండే డీ-ఐసర్ స్ప్రే, ఒక మంచి స్క్రేపర్. లోపలి మసకకి ఏసీ ఆన్ చేయండి. "చలిలో ఏసీ ఏంటి?" అని మనవాళ్లు వెంటనే ఆపేస్తారు కానీ, గాలిలో తేమ లాగేది ఏసీనే, వేడి గాలితో కలిపి వాడొచ్చు. మరీ గడ్డకట్టే చలిలో దాని కంప్రెసర్ తిరక్కపోవచ్చు, అప్పుడు కిటికీ కాస్త దించడమే మార్గం. రాత్రి కారు ఆపేటప్పుడు వైపర్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పొద్దున స్టార్ట్ చేయగానే అద్దానికి అతుక్కుపోయిన వైపర్‌ని మోటర్ లాగడానికి చూస్తుంది, బ్లేడ్ చిరుగుతుంది.

మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఎందుకురా ఆ తిప్పలు, ఓ చెంబుడు వేడినీళ్లు కొట్టు" అంది. "పగిలిపోతుందమ్మా" అన్నాను. నమ్మలేదు. కానీ నిజం. అద్దం ఒకవైపు గడ్డకట్టి ఉండి ఇంకోవైపు మరిగే నీళ్లు పడితే, ఎక్కడో చిన్న రాయి దెబ్బ ఉన్నా అక్కణ్నుంచి బీట పాకుతుంది. పైగా కిందకి కారిన నీళ్లు రోడ్డు మీద మళ్లీ ఐస్ అవుతాయి. అందులో జారిపడేది మనమే.

ఒప్పుకోవాల్సినవి

హీటెడ్ విండ్‌స్క్రీన్‌లో లోపాలు లేవని నేను అనను. తీగల రకంలో రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్ల చుట్టూ చిన్న మెరుపు గీతలు కనిపిస్తాయి. కొందరికి వారంలో అలవాటైపోతుంది, కొందరికి ఎప్పటికీ కాదు. నా ఫ్రెండ్ ఒకడు ఆ గీతలు భరించలేకే కారు మార్చేశాడు. రాయి తగిలి అద్దం మార్చాల్సి వస్తే మామూలు దానికంటే ఖర్చు ఎక్కువ. కొత్త కార్లలో అయితే అద్దం వెనక ఉండే కెమెరాని మళ్లీ సరిచేయించాలి. వెండి పూత రకానికి వేరే తలనొప్పి ఉంది: లోహపు పొర రేడియో తరంగాలకి అడ్డం. అందుకే టోల్ ట్యాగ్ పెట్టుకోవడానికి అద్దంలో ఒక మూల పూత లేకుండా వదులుతారు. మన ఫాస్టాగ్ కూడా పనిచేసేది రేడియో తరంగాలతోనే, కాబట్టి ఇండియాలో అలాంటి అద్దం ఉన్న కారు కొన్నవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. స్టిక్కర్ ఎక్కడ పడితే అక్కడ అతికిస్తే టోల్ గేట్ లేవదు.

ఇంకో సంగతి, ముందు అద్దం కరిగినంత మాత్రాన పక్క అద్దాలు కరగవు. పెద్దావిడ కూడా స్క్రేపర్ పట్టుకునే దిగుతుంది, మర్చిపోవద్దు.

"ఎలక్ట్రిక్ కారు కొంటే ఈ గొడవే లేదు, యాప్‌లో బటన్ నొక్కితే అంతా సిద్ధం" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. సగం నిజం. టెస్లా యాప్‌లో డీఫ్రాస్ట్ బటన్ ఉంది, బాగా పనిచేస్తుంది. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బయల్దేరే టైమ్ ముందే సెట్ చేసుకోవచ్చు. సొంత ఇల్లు, ఇంటి ముందు చార్జర్ ఉన్నవాళ్లకి హాయి. కానీ మా వీధిలాంటి చోట్ల, ఇల్లు ఇల్లూ ఆనుకుని ఉండి కారు రోడ్డు మీదే పెట్టుకునేవాళ్లకి ఆ వేడంతా బ్యాటరీలోంచే పోతుంది. క్యాబిన్ హీటర్ 4 కిలోవాట్లు తీసుకుంటూ పావుగంట నడిస్తే ఒక యూనిట్ అయిపోయినట్టే. అదే 700 వాట్ల అద్దం ఐదు నిమిషాలు నడిస్తే యూనిట్‌లో పదిహేడో వంతు. చలికి రేంజ్ ఎలాగూ తగ్గుతుంది. ఆ టైమ్‌లో ఇది చిన్న తేడా కాదు. అంటే తీగల అద్దం అవసరం పెట్రోల్ కారు కంటే ఎలక్ట్రిక్ కారుకే ఎక్కువ. అయినా పెద్ద పెద్ద స్క్రీన్లున్న ఎలక్ట్రిక్ కార్ల ధరల పట్టిక తెరిస్తే, ఇది కొన్నిట్లో ఆప్షన్, కొన్నిట్లో అసలు లేదు. ఉన్నవాటిలో కూడా మెనూలో మూడు స్క్రీన్లు దాటితే గానీ దొరకని కార్లు నేను నడిపాను. చేతికి గ్లవ్స్ ఉంటే టచ్‌స్క్రీన్ సరిగా పనిచేయదు, చలికాలం ఫీచర్‌కి ఆ దారి పెట్టినవాళ్లకి దండం పెట్టాలి.

నాకు అసలు భయం వేరే ఉంది. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో హీటెడ్ సీట్లకి నెలవారీ సబ్‌స్క్రిప్షన్ పెట్టింది గుర్తుందా? సీటులో హీటర్ ఉంది, డబ్బు కడితేనే ఆన్ అవుతుంది. జనం గొడవ చేశాక 2023లో ఆ పద్ధతి వదిలేస్తున్నట్టు చెప్పింది. నడుము వెచ్చగా ఉండటం సుఖం, దానికి డబ్బు అడిగితే తిట్టుకుని ఊరుకుంటాం. అద్దంలోంచి రోడ్డు కనపడటం సుఖం కాదు. సీట్ బెల్ట్‌కి ఎవరైనా నెలకింత అని అడుగుతారా? ప్రతి వేరియంట్‌లోనూ ఇచ్చే సామానులో ఇది ఉండాలన్నది నా వాదన, కనీసం చలి దేశాల్లో అమ్మే కార్ల వరకైనా.

మా వంతుగా నేను చేయగలిగేది ఒకటుంది. ఫోన్ రివ్యూలో సున్నా నుంచి వంద శాతం చార్జింగ్‌కి ఎన్ని నిమిషాలో కొలిచి రాస్తాం. కారు రివ్యూలో స్టార్ట్ నొక్కిన క్షణం నుంచి ముందు అద్దం మొత్తం కనపడే వరకు ఎన్ని నిమిషాలో ఎందుకు కొలవం? స్టాప్‌వాచ్, థర్మామీటర్ ఉంటే చాలు. ఇక నుంచి చలికాలంలో నా చేతికొచ్చే ప్రతి కారుకీ ఆ నంబర్ వేస్తాను. హీటెడ్ అద్దం లేకపోతే లేదని మొదటి పేరాలోనే రాస్తాను.

మొన్న ఖమ్మం నుంచి వచ్చిన తమ్ముడొకడు సెకండ్ హ్యాండ్ కారు లింకులు నాలుగు పంపాడు. "అన్నా, దీంట్లో వైర్‌లెస్ కార్‌ప్లే ఉంది, ఫిక్స్ అయిపోనా?" అన్నాడు. "ఆగరా, అద్దంలో తీగలున్నాయేమో చూశావా?" అన్నాను. ఫొటోల్లో అది తెలీదు, నేరుగా వెళ్లి చూడాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు పక్క నుంచి చూస్తే అద్దంలో సన్నని అలల్లా తీగలు కనిపిస్తాయి. డ్యాష్‌బోర్డ్ మీద రెండు గుర్తులుంటాయి: దీర్ఘచతురస్రం ఉన్నది వెనక అద్దానికి, పైన వంపు తిరిగినది ముందు అద్దానికి. వంపు గుర్తు ఒక్కటే ఉంటే అది ఫ్యాన్‌ని ఫుల్ చేసేది మాత్రమే కావచ్చు, అందుకే ఇంజిన్ ఆన్‌లో ఉండగా నొక్కి, రెండు నిమిషాలాగి, అరచేయి వెనకవైపు అద్దానికి ఆనించి చూడాలి. గోరువెచ్చగా తగలాలి. వీలైతే చల్లటి పొద్దున్నే వెళ్లాలి, అప్పుడు తీగలు చచ్చిపోయిన చోట ఐస్ చార అలాగే మిగిలి దొరికిపోతుంది.

శనివారం వాణ్ని తీసుకుని ఏడింటికే వెళ్లాం. అమ్మేవాడు మా కంటే ముందే లేచి, అద్దం మొత్తం గీకి నీట్‌గా తుడిచి పెట్టాడు. తమ్ముడికి ముచ్చటేసింది. నేను మాత్రం ఆ కారు వద్దన్నాను. ఇంకో ఇద్దరి దగ్గరికి ఈ వారం వెళ్తున్నాం, ఈసారి ఆరున్నరకే.